హత్య తెర వెనకే ఉన్నా టెన్షన్ నిలిచింది (నా అనుభవం)

నా నవలికలో హత్య ఆరేళ్ల కిందటిది. లోకం దృష్టిలో ఆ మనిషి కనబడకుండా పోయాడంతే. కథంతా అతని భార్యది. సగానికొచ్చేసరికి చదివేవాళ్లు జారిపోతున్నారు. పోలీసు పాత్ర, ఫ్లాష్‌బ్యాకులు, అధ్యాయం చివర మోగే ఫోను: ఏదీ అతకలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందుగా, చంపింది మరిదేనని రెండో అధ్యాయంలోనే పాఠకుడికి చెప్పేశాను, ఆమెకు తప్ప. తర్వాత గడువు పెట్టాను. ఏడేళ్లు జాడ లేకపోతే చట్టం ఆ మనిషిని చనిపోయినట్టే భావిస్తుంది (2023 సాక్ష్య చట్టం, 111వ సెక్షన్). అప్పుడు పొలంలో వాటా ఆమె అడగొచ్చు. ఆ తర్వాతే మామూలు సీన్లు తిరగరాశాను: మరిది కాఫీ తాగుతూ పాత బావి పూడ్పిద్దామంటాడు, ఆమె సరేనంటుంది. హత్య మాటే ఎత్తలేదు. అసలు పని చేసింది ఆ ‘సరే’ అనుకుంటా.

హంతకుడెవరన్నదే ఆకర్షణైన కథకి ఇది కుదరదు. చిన్న కథలో గడువుకి చోటు దొరుకుతుందో లేదో, నేను ప్రయత్నించలేదు.