ఓ2 పెట్టగానే కాటా తూకం తప్పుతోందా? కంపైలర్, మెమరీ క్రమం: సమస్య - పరిష్కారం

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి ఉందనుకుందాం. లోడ్ సెల్‌కి తగిలించిన హెచ్‌ఎక్స్711 చిప్ సెకనుకు 10 లేదా 80 రీడింగులు ఇస్తుంది. కార్టెక్స్-ఎం4 మైక్రోకంట్రోలర్ బోర్డులో ఇంటరప్ట్ (కొత్త రీడింగు రాగానే మెయిన్ లూప్‌ని కాసేపు ఆపి నడిచే కోడు) ఆ రీడింగును ‘తూకం’ అనే వేరియబుల్‌లో రాసి, ‘సిద్ధం’ అనే ఫ్లాగును 1 చేస్తుంది. మెయిన్ లూప్ ఆ ఫ్లాగు చూసుకుని చీటీ కొడుతుంది. ఆఫీసు గదిలో రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న లినక్స్ కంప్యూటర్ ఉంది. దాంట్లో ఒక థ్రెడ్ కాటా నుంచి తూకాలు అందుకుంటే, ఇంకో థ్రెడ్ వాటిని సర్వర్‌కి పంపుతుంది. కింద చెప్పే తప్పుల్లో చాలావరకు ఇంత చిన్న ఏర్పాటులోనే వస్తాయి.

వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే. ఓ2 లాంటి ఆప్టిమైజేషన్ స్థాయి పెట్టినప్పుడు కంపైలర్ మీ కోడును ఒకే థ్రెడ్ నడుపుతోందన్నట్టు చూస్తుంది. ఆ థ్రెడ్‌కి ఫలితం మారనంతవరకు రాతల వరస మార్చొచ్చు, రెండు రీడ్లను ఒకటిగా కలపొచ్చు, విలువను రిజిస్టర్‌లోనే అట్టిపెట్టుకోవచ్చు. సీ11, సీ++11 ప్రమాణాలు 2011లో ఈ విషయాన్ని తేల్చి చెప్పాయి: ఒక మామూలు వేరియబుల్‌లో ఒక థ్రెడ్ రాస్తుండగా, మధ్యలో ఏ ఒప్పందమూ లేకుండా ఇంకో థ్రెడ్ దాన్ని ముట్టుకుంటే అది డేటా రేస్. ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. కాబట్టి కంపైలర్ వెర్షన్ మార్చి చూద్దామనుకునే ముందు మీ కోడులో రేస్ ఉందేమో చూడండి.

ముందు తేల్చుకోవాల్సింది: కంపైలరా, ప్రాసెసరా?

అదే మెషిన్ మీద ఓ0తో (ఆప్టిమైజేషన్ లేకుండా) ఒకసారి, ఓ2తో ఒకసారి బిల్డ్ చేసి నడపండి. లినక్స్ మీదైతే టాస్క్‌సెట్ కమాండ్‌తో ప్రోగ్రామ్‌ని ఒకే కోర్‌కి కట్టి మళ్లీ నడపండి. ఒకే కోర్ మీద కూడా ఓ2 బిల్డ్ ప్రతిసారీ ఆగిపోతుంటే దాదాపు కంపైలర్ వైపే చూడాలి. నాలుగు కోర్లిస్తేనే తప్పు వస్తోందంటే ప్రాసెసర్ వరస మార్చడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇవి దారి చూపే గుర్తులే, రుజువులు కావు. ఓ0తో వేగం తగ్గుతుంది, టైమింగ్ మారుతుంది, దాంతో అసలు తప్పు దాక్కోవచ్చు. రుజువు కావాలంటే ఆబ్జ్‌డంప్‌తో అసెంబ్లీ తీసి ఆ ఫంక్షన్ ఒక్కటీ చదవండి.

లక్షణం: ఓ0తో నడుస్తుంది, ఓ2తో లూప్‌లో ఇరుక్కుంటుంది

‘సిద్ధం’ 0గా ఉన్నంతసేపు తిరిగే ఖాళీ లూప్ ఇది. లూప్ లోపల ఫ్లాగును మార్చేవాళ్లు ఎవరూ లేరు కనుక కంపైలర్ దాన్ని లూప్ బయట ఒక్కసారి చదివి ఊరుకుంటుంది. అసెంబ్లీలో ఆ లూప్ లోపల లోడ్ ఇన్‌స్ట్రక్షనే ఉండదు, తన మీదకే దూకే బ్రాంచ్ మాత్రం కనిపిస్తుంది. ఇలాంటి లూప్ ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుందని అనుకునే వెసులుబాటు కూడా ప్రమాణం కంపైలర్‌కి ఇచ్చింది. అందువల్ల లూప్ మొత్తానికే మాయమైనా ఆశ్చర్యపోకండి.

ఇక్కడ చాలామంది మోసపోయేది ప్రింట్‌ఎఫ్ దగ్గర. డీబగ్ కోసం లూప్‌లో ప్రింట్‌ఎఫ్ పెట్టగానే కోడు నడుస్తుంది. ఆ ఫంక్షన్ లోపల ఏముందో కంపైలర్‌కి కనపడదు, అది గ్లోబల్ వేరియబుల్‌ని మార్చొచ్చన్న అనుమానంతో ఫ్లాగును మళ్లీ చదువుతుంది. వేరే ఫైల్‌లో ఉన్న మీ సొంత ఫంక్షన్ని పిలిచినా ఇంతే. ఏడాదిపాటు బాగా నడిచిన కోడు లింక్-టైమ్ ఆప్టిమైజేషన్ ఆన్ చేసిన రోజున ఆగిపోయిందంటే కారణం ఇదే. ఫైళ్ల మధ్య ఉన్న ఆ తెర తొలగింది, పాత తప్పు బయటపడింది.

పరిష్కారం: ఫ్లాగును అటామిక్‌గా ప్రకటించి, లూప్‌లో అక్వైర్ క్రమంతో (దీని తర్వాతి రీడ్లు, రాతలు దీనికంటే ముందుకి జరగకూడదన్న హామీతో) లోడ్ చేయండి. డిలే పెట్టడం, ఆ ఒక్క ఫైల్‌ని ఓ0లో ఉంచడం రోగాన్ని కప్పిపెట్టడమే.

లక్షణం: ముందు టిక్కీ తూకం తర్వాతి టిక్కీ చీటీ మీద పడుతోంది

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇది. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, చీటీ మీద నమ్మదగ్గ అంకే ఉంటుంది. నష్టపోయేది రైతో, వ్యాపారో.

రాసేవైపు వరస ఇలా ఉంటుంది: తూకం రాయి, ఆ తర్వాత సిద్ధం 1 చెయ్యి. ఈ రెండు రాతల మధ్య కంపైలర్‌కి ఏ సంబంధమూ కనిపించదు, వరస మార్చొచ్చు. కంపైలర్ మార్చకపోయినా ఆర్మ్ ప్రాసెసర్ మార్చొచ్చు. చదివేవైపూ అంతే, ఫ్లాగు కంటే ముందే తూకాన్ని చదివి పెట్టుకోవచ్చు. ఎక్స్86 ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఒక కోర్ రాతల వరసను చెడగొట్టదు, లోడ్ల వరసనూ చెడగొట్టదు. అందుకే ల్యాప్‌టాప్‌లో వెయ్యిసార్లు నెగ్గిన కోడు పై 4లోని కార్టెక్స్-ఏ72 కోర్ల మీద తప్పొచ్చు.

పరిష్కారానికి రెండు వైపులూ కావాలి. రాసేవాడు తూకం మామూలుగా రాసి, ఫ్లాగును రిలీజ్ క్రమంతో (దీని ముందున్న రీడ్లు, రాతలు దీని తర్వాతకి జరగకూడదన్న హామీతో) స్టోర్ చేయాలి. చదివేవాడు ఫ్లాగును అక్వైర్ క్రమంతో లోడ్ చేసి, 1 కనిపించాకే తూకం తీసుకోవాలి. ఒక వైపే పెట్టి వదిలేస్తే పెట్టనట్టే. ఫ్లాగును అటామిక్ చేసి రిలాక్స్డ్ క్రమం (వరసకి ఏ హామీ ఇవ్వనిది) వాడితే లూప్ ఆగిపోవడం తగ్గుతుంది, పాత తూకం రావడం తగ్గదు.

వోలటైల్ (వేరియబుల్‌ని వాడిన ప్రతిసారీ మెమరీనే ముట్టుకోమని కంపైలర్‌కి చెప్పే మాట) సంగతి విడిగా చెప్పాలి. ఫ్లాగుకి మాత్రమే వోలటైల్ పెడితే మామూలు తూకం రాత దాన్ని దాటి అటూ ఇటూ జరగొచ్చు. రెంటికీ పెడితే కంపైలర్ ఆ రెంటి వరస మార్చదు, కానీ ప్రాసెసర్‌కి ఆ మాట చేరదు. ఒకే కోర్ ఉన్న ఎం4లో ఇంటరప్ట్‌కీ మెయిన్ లూప్‌కీ మధ్య అది పనిచేసినట్టే ఉంటుంది, అదే కోడును పై 4 మీదకి తెస్తే తప్పుతుంది. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో జావా మీద థ్రెడ్లు నేర్చుకుని సీ వైపు వచ్చినవాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. జావా వోలటైల్ 2004లో వచ్చిన జావా 5 నుంచి క్రమానికి హామీ ఇస్తుంది. సీ వోలటైల్‌కి పేరు అదే, పని వేరు. హార్డ్‌వేర్ రిజిస్టర్లకి దాన్ని వాడండి, థ్రెడ్ల మధ్య కబురుకి వాడకండి.

వేగం తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. ఎక్స్86లో అక్వైర్ లోడ్, రిలీజ్ స్టోర్ రెండూ మామూలు మూవ్ ఇన్‌స్ట్రక్షన్లే. 64 బిట్ ఆర్మ్‌లో ఎల్‌డీఏఆర్, ఎస్‌టీఎల్‌ఆర్ వస్తాయి. పాత ఆర్మ్‌వీ7లో డీఎంబీ బారియర్ (రీడ్లు, రాతలు తనను దాటకుండా ఆపే ఇన్‌స్ట్రక్షన్) తోడవుతుంది. సెకనుకు 80 రీడింగులకి అది లెక్కలోకే రాదు.

ఇదంతా సరిచేశాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. రిలీజ్, అక్వైర్ తాళం లాంటివి కావు. చదివేవాడు తూకం తీసుకునేలోపే హమాలీ తర్వాతి టిక్కీ కాటా మీద వేస్తే, కొత్త రీడింగు పాతదాని మీద పడిపోతుంది. 16 గదుల రింగ్ బఫర్ (చివరి గది తర్వాత మళ్లీ మొదటి గదికి వచ్చే వరస) పెట్టండి. రాసేవాడు గది నింపి ‘తల’ సూచికను రిలీజ్‌తో జరుపుతాడు, చదివేవాడు గది ఖాళీ చేసి ‘తోక’ను రిలీజ్‌తో జరుపుతాడు. ఒకరి సూచికను ఇంకొకరు అక్వైర్‌తోనే చదవాలి. రాసేవాడు ఒక్కడు, చదివేవాడు ఒక్కడు ఉన్నంతవరకు ఇది చాలు. ఇంకొకరు చేరితే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి వదిలే తాళం) వాడండి.

లక్షణం: ఇప్పటిదాకా తూచిన మొత్తం ఒక్క క్షణం సున్నా దగ్గరికి పడి, మళ్లీ సర్దుకుంటుంది

మొత్తం తూకాన్ని గ్రాముల్లో కూడుతున్నారనుకోండి. 32 బిట్లలో పట్టేది 4,294,967,295 గ్రాములు, అంటే సుమారు 4,295 టన్నులు. అందుకని 64 బిట్ వేరియబుల్ పెడతారు. 32 బిట్ ఎం4 దాన్ని రెండు సగాలుగా రాస్తుంది, ఆ మధ్యలో ఇంకొకరు చదివితే ఒక సగం పాతది, ఒక సగం కొత్తది వస్తుంది. 4,295 టన్నులు దాటేదాకా పై సగం సున్నానే కనుక తప్పు కనపడదు. దాటే క్షణంలో చదివితే మొత్తం సున్నాకి దగ్గరగానో, ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపుగానో కనిపిస్తుంది.

ఎం4లో 64 బిట్ అటామిక్‌కి తగిన ఇన్‌స్ట్రక్షన్లు లేవు. కంపైలర్ లైబ్రరీ ఫంక్షన్ని పిలుస్తుంది, అది లేకపోతే లింక్‌లో అండిఫైన్డ్ రిఫరెన్స్ వస్తుంది. మెయిన్ లూప్‌లో ఇంటరప్టులు ఆపి, విలువను కాపీ చేసుకుని, ఇంటరప్టులను ముందున్న స్థితికే తీసుకురండి. సొంత ఇన్‌లైన్ అసెంబ్లీతో ఇంటరప్టులు ఆపేవాళ్లు దానికి మెమరీ క్లాబర్ (మెమరీ మారి ఉండొచ్చని కంపైలర్‌కి చెప్పే గుర్తు) తప్పనిసరిగా పెట్టాలి. లేకపోతే మీరు కాపాడాలనుకున్న ఆ రీడునే కంపైలర్ బయటికి జరపొచ్చు. సీఎంఎస్‌ఐఎస్ (కార్టెక్స్ చిప్‌లకి ఆర్మ్ ఇచ్చే లైబ్రరీ) ఇచ్చే ఫంక్షన్లలో ఆ క్లాబర్ ముందే ఉంది.

లక్షణం: ఎక్స్86లో కూడా రెండు థ్రెడ్లు ఒకేసారి లోపలికి వస్తున్నాయి

ఒకసారికి ఒక్క థ్రెడ్డే నడపాల్సిన కోడు ముందు, ఇద్దరూ తమ ఫ్లాగు ఎత్తి, ఎదుటివాడి ఫ్లాగు చూసి లోపలికి వెళ్లే పద్ధతి ఇది. ముందు రాత, తర్వాత వేరేచోట రీడు అనే వరసను ఎక్స్86 కూడా మారుస్తుంది, ఎందుకంటే రాత మెమరీకి చేరేముందు స్టోర్ బఫర్‌లో ఆగి ఉంటుంది. రిలీజ్, అక్వైర్ దీనికి సరిపోవు. నాలుగు యాక్సెస్‌లూ సీక్వెన్షియల్ క్రమంలో (అన్ని థ్రెడ్లకీ ఒకే వరస కనిపించేలా) ఉండాలి. మ్యూటెక్స్ వాడేస్తే ఇంకా మంచిది.

లక్షణం: నల్ చెక్ చేశాక కూడా పాయింటర్ దగ్గర క్రాష్

గ్లోబల్ పాయింటర్‌ని లోకల్‌లోకి తీసుకున్నా, అది మామూలు వేరియబుల్ అయితే చెక్‌కి ఒకసారి, వాడేటప్పుడు ఇంకోసారి మెమరీ నుంచి చదివే స్వేచ్ఛ కంపైలర్‌కి ఉంది. అటామిక్ లోడ్‌తో ఒక్కసారే చదివి ఆ కాపీనే వాడండి. లినక్స్ కెర్నెల్ కోడులో ఈ పనికి రీడ్‌_వన్స్ ఉంది.

లక్షణం: బారియర్లన్నీ ఉన్నా డీఎంఏ బఫర్‌లో పాత డేటా

బోర్డు కార్టెక్స్-ఎం7 అయితే ముందు డేటా క్యాష్‌ని అనుమానించండి, ఇది బారియర్‌తో తీరదు. డీఎంఏ ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీతో డేటా మార్చుకుంటుంది, క్యాష్‌లో మాత్రం పాత కాపీ ఉండిపోవచ్చు. పంపేముందు క్యాష్ క్లీన్ చేయాలి (అందులోని రాతలను మెమరీకి చేర్చాలి), అందుకున్నాక చదివేముందు ఇన్‌వాలిడేట్ చేయాలి (పాత కాపీని వదిలేయాలి). బఫర్ 32 బైట్ల హద్దున మొదలై, పరిమాణం 32 గుణిజంగా ఉండాలి. లేకపోతే పక్క వేరియబుల్స్ కూడా పాడవుతాయి.

సరిచేశాక పరీక్ష

రింగ్ బఫర్ కోడును విడిగా తీసి లినక్స్ మీద థ్రెడ్ శానిటైజర్‌తో (డేటా రేసులను పట్టే టూల్) బిల్డ్ చేయండి. వేగం 5 నుంచి 15 రెట్లు తగ్గుతుంది, మెమరీ 5 నుంచి 10 రెట్లు పెరుగుతుంది, అయినా ఓపిక పట్టండి. నడిచిన దారుల్లోని రేసులనే అది పట్టుకుంటుంది. విడి ఫెన్స్‌లు (లోడు, స్టోర్లకి వేరుగా రాసే బారియర్లు) దానికి సరిగా అర్థం కావు కాబట్టి, వీలున్నచోట క్రమాన్ని లోడు, స్టోర్లకే జోడించండి.

తర్వాత అదే కోడును ఓ2తో పై 4 మీద నడపండి, రెండు థ్రెడ్లనీ వేర్వేరు కోర్లకి కట్టండి. ప్రతి గదిలో వరస సంఖ్య ఒకటి, దాని బిట్లన్నీ తిరగేసిన సంఖ్య ఒకటి రాయండి. చదివేవైపు రెండూ పొసగాలి, వరస సంఖ్య ఒక్కొక్కటిగానే పెరగాలి. పొసగకపోతే సగం పాత, సగం కొత్త డేటా చేతికొచ్చినట్టు. వరస తప్పితే పాత గదిని మళ్లీ చదివారనో, ఒక గదిని దాటేశారనో అర్థం. రాత్రంతా నడవనిచ్చి, పొద్దున పొసగనివెన్ని, వరస తప్పినవెన్ని అన్న రెండు లెక్కలూ సున్నా ఉన్నాయో లేదో చూడండి.