బో టై కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో చూద్దాం

పెళ్లిపీటల మీదికి పట్టుపంచె కట్టడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారు. సాయంత్రం రిసెప్షన్‌కు బో టై కట్టే మనిషి మాత్రం ఒక్కరూ దొరకరు. మా తమ్ముడి రిసెప్షన్ రోజు అద్దం ముందు 40 నిమిషాలు తంటాలు పడ్డాక నాకు తెలిసొచ్చినవి ఇవి. చేత్తో ముడివేసే రకం గురించే చెబుతున్నాను. ముడివేసి అమ్మే రకానికి ఈ గొడవ లేదు.

ముడి పడ్డాక బో నిలువుగా తిరిగిపోతోంది

ఇది బూటు లేసు జబ్బే. లేసు పువ్వు బూటుకు అడ్డంగా నిలవకుండా పొడవునా వాలిపోవడం చూసే ఉంటారు. మొదటి ముడినీ రెండో ముడినీ ఒకే వైపు తిప్పితే అలా అవుతుంది. మొత్తం విప్పనక్కర్లేదు. మొదటి ముడిని అలాగే ఉంచి, రెండోదాన్ని ఎదురు దిక్కుకు తిప్పి వేయండి.

చివరి కొసను ఎక్కడ దూర్చాలో తెలియడం లేదు

అందరూ ఆగిపోయేది ఇక్కడే. పొట్టి కొసను మడిచి మెడ దగ్గర అడ్డంగా పట్టుకున్నారు, పొడుగు కొసను దాని మీదుగా ముందుకు వదిలారు. ఇప్పుడు ఆ మడతకూ వెనకున్న ముడికీ మధ్య సన్నని సందు ఉంటుంది. అది కంటికి కనబడదు, వేలితో వెతకాల్సిందే. అద్దంలో చూస్తే కుడి ఎడమలు తారుమారై మరింత గందరగోళం. మడత రెండు రెక్కలనూ ముందుకు దగ్గర చేసి పట్టుకుంటే సందు తెరుచుకుంటుంది. పొడుగు కొసను మధ్యలో మడిచి, ఆ మడతనే ముందు దూర్చండి. మొనను దూరిస్తే రెండో రెక్క రాదు. ఎంతకీ రాకపోతే కుర్చీలో కూర్చుని, మోకాలికి కాస్త పైన తొడకు కట్టి నేర్చుకోండి. అక్కడ దాదాపు మెడంత లావే ఉంటుంది, చేసేది కళ్లకు కనబడుతుంది.

ఒక రెక్క పొడుగు, ఒకటి పొట్టి

మొదట్లోనే రెండు కొసలనూ సమానంగా వేలాడదీసి ఉంటారు. ముడి చుట్టూ తిరగాల్సిన కొస రెండోదానికంటే అంగుళంన్నర కిందికి ఉండాలి.

బిగిద్దామని లాగితే ఊడిపోతోంది

ప్రతి రెక్కలోనూ ఒక మడత, ఒక విడి కొస ఉంటాయి. బిగించాలంటే రెండు మడతలనూ చెరోవైపు లాగాలి. విడి కొసలు లాగితే జారుముడి విడిపోక ఏమవుతుంది!

టై మెడ చుట్టూ జరుగుతోంది

పట్టీ వదులైంది. చాలా టైల పట్టీ మీద అంగుళాల గుర్తులు ఉంటాయి. కాలర్ 16 అయితే అక్కడే పెట్టండి, ఒక వేలు దూరితే చాలు. కాలరే వదులైతే మాత్రం చొక్కా మార్చడం తప్ప దారి లేదు.

దండ పడగానే నలిగిపోయింది

ముఖ్యమైన ఫొటోలు దండలకు ముందే తీయించుకోండి. దండ తీశాక మడతలు పట్టి లాగి సరిచేయండి. పూల తడి అంటితే రుద్దకండి, మరక పాకుతుంది. పొడి రుమాలుతో అద్ది వదిలేయండి.