ఎక్స్‌పీ ఉన్న పిల్లల ఒళ్ళు ఇంట్లో ఎలా చూసుకోవాలంటే

మా చిన్నోడికి జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు, పొట్టిగా ఎక్స్‌పీ. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల వల్ల డీఎన్‌ఏ దెబ్బతింటే మన చర్మం తనే రిపేర్ చేసుకుంటది, వీళ్ళకి అది సరిగా జరగదు, జాగ్రత్తగా లేకపోతే పదేళ్ళ లోపే స్కిన్ క్యాన్సర్ రావచ్చు. మాది మేనరికం, ఈ జబ్బు తెచ్చే జీన్ ఇద్దరిలోనూ ఉంది, ప్రతి కాన్పుకీ బిడ్డకి ఇది వచ్చే ఛాన్స్ 4లో 1. ఎవరి వైపు నుంచి వచ్చిందని మా అమ్మా మా అత్తా ఏడాదిపాటు వాదించుకున్నారు, వాళ్ళు వదిన మరదళ్ళే లెండి!

నెలలో మొదటి ఆదివారం తలంటుకి ముందు నేను ఒళ్ళంతా చూస్తా. మంచి ఎల్‌ఈడీ లైటు కింద కూర్చోబెట్టి, దువ్వెనతో పాయలు తీస్తూ మాడు, చెవుల వెనక, కనురెప్పల అంచులు, ముక్కు, పెదాలు, మెడ, వీపు. నాలుక కొన కూడా చూడాలి, అందరూ మర్చిపోయేది అదే. మచ్చలు వందల్లో ఉంటాయి కాబట్టి గుర్తుపెట్టుకుందాం అనుకోకండి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి పోయిన నెల ఫోటోతో పోల్చండి. ఆవగింజంత కొత్త బొడిపె వచ్చినా, మచ్చ పెరిగినా రంగు మారినా, పుండు మానకుండా రక్తం కారుతున్నా వెంటనే స్కిన్ డాక్టర్‌కి చూపించాలి. నొప్పి లేదుగా అని ఆగొద్దు, మొదట్లో చాలావాటికి నొప్పి ఉండదు. పసర్లు అస్సలు పూయొద్దు.

ఏమీ కనిపించకపోయినా మేం 3 నెలలకోసారి స్కిన్ డాక్టర్ దగ్గరికి, 6 నెలలకోసారి కళ్ళకి విజయవాడ దగ్గర తాడిగడప ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్తాం. వెలుతురు చూడలేకపోవడం, కళ్ళు ఎర్రబడటం ఉంటే అప్పటిదాకా ఆగం. కొందరికి నరాలు కూడా దెబ్బతింటాయి, అందుకని ఏడాదికోసారి వినికిడి టెస్ట్, న్యూరో చెకప్. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి టెస్ట్ కూడా చేయించాలి.

ఇంకోటి, వీళ్ళలో సగం మందికి ఎండకి కమిలిపోవడం ఉండదు, మావాడూ అంతే, అందుకే మాకు ఆలస్యంగా తెలిసింది. సన్‌స్క్రీన్ క్రీమ్ ఒక్కటే చాలదు, నిండు చేతుల చొక్కా, టోపీ, కళ్ళద్దాలు తప్పనిసరి. కిటికీ అద్దంలోంచి కూడా యూవీఏ (యూవీలో ఒక రకం) వస్తుంది, దాన్ని ఆపే ఫిల్మ్ అంటించండి, బడిలో కిటికీ పక్క బెంచీ వద్దని టీచర్‌కి చెప్పండి. పాత ట్యూబ్‌లైట్ల నుంచి కూడా కొంచెం యూవీ వస్తుంది, అవి తీసి ఎల్‌ఈడీలు పెట్టుకోండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో షాపింగ్ మాకు ఎప్పుడూ చీకటి పడ్డాకే, అయినా చిన్న యూవీ మీటర్ సంచిలో ఉంటది, కొత్త షాపులోకి వెళ్తే ముందు దాన్ని లైట్ల కింద పెట్టి చూస్తాం.