ఇంటి దగ్గర ట్రక్కు సస్పెన్షన్ మార్పిడి – 4వ పాఠం: బరువు దిగిన తరువాతే బిగింపు

ఈ పాఠాన్ని కమాన్ కట్టను ఇరుసుకు కట్టి ఉంచే యూ ఆకారపు బోల్టులతో (యూ బోల్టులు) మొదలుపెట్టాలనుకున్నాను. అయితే గత పాఠం ప్రకారం వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) మార్చినవారిలో పలువురికి ఒకే ఇబ్బంది ఎదురైంది. బండి వెనక భాగం ఉండవలసిన దానికంటే ఎత్తుగా నిలిచింది, చిన్న గుంటలో పడినా దెబ్బ నేరుగా నడుముకు తగులుతోంది. కొత్త కమాన్లు కాబట్టి కొన్నాళ్లకు సర్దుకుంటాయని వారు ఊరుకున్నారు. సర్దుకోవడం కొంతవరకు నిజమే కాని, ఇక్కడ అసలు కారణం అది కాదు. కమాన్ చివరి కన్నుల్లో దూరే కంటి బోల్టులు బిగించమని రాసిన నేను, ఎప్పుడు బిగించాలో రాయలేదు. ఆ లోపాన్ని ముందు సరిదిద్దాలి.

కమాన్ చివర చుట్టి ఉండే కన్నులోని రబ్బరు బుష్‌ను దగ్గరగా చూడండి. బయట ఒక ఉక్కు గొట్టం, మధ్యలో ఒక సన్నని ఉక్కు గొట్టం, ఆ రెండింటికీ అతుక్కుని రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ రెండు వైపుల రేకుల మధ్య నొక్కుకుపోయి, ఇక తిరగదు. ఆ తరువాత కమాన్ ఎంత కదిలినా ఆ కదలికంతా రబ్బరు మెలి తిరగడం వల్లనే జరుగుతుంది. ఛాసిస్ స్టాండ్ల మీద ఉండి, ఇరుసు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, ఆ వేలాడే స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది. బండిని కిందికి దించగానే రబ్బరు మెలిపడి, ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు కూడా కమాన్‌ను వెనక్కి తోస్తూనే ఉంటుంది. ఎత్తుకు, కుదుపుకు కారణం ఇదే. ఇలాగే నడిపితే రబ్బరు చీలుతుంది, లేదా గొట్టం నుంచి ఊడిపోతుంది. పాలీయురెథేన్ బుష్‌లలో లోపలి గొట్టం విడిగా తిరుగుతుంది కాబట్టి వాటికి ఈ చిక్కు లేదు. అయినా నేను వాటిని కూడా ఇదే వరుసలో బిగిస్తాను.

ఇప్పటికే బిగించినవారు కమాన్లు విప్పనక్కరలేదు. బండిని చదునైన నేల మీద నాలుగు చక్రాలపై నిలిపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఒక్కో పక్క ముందు కంటి బోల్టు, షాకిల్ (కమాన్ వెనక కన్నును ఛాసిస్‌కు కలిపే ఊగే లంకె) పై బోల్టు, కింది బోల్టు, అంటే మొత్తం 6 బోల్టుల నట్లను వదులు చేయండి. బోల్టులను మాత్రం బయటికి లాగవద్దు. వెనక భాగాన్ని నాలుగైదు సార్లు గట్టిగా అదిమి వదిలి, బండి కుదురుకున్న తరువాత, తయారీదారు పుస్తకంలోని లెక్క ప్రకారం టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచి) బిగించండి. కింద చోటు చాలకపోతే స్టాండ్లను ఛాసిస్ కింద కాకుండా ఇరుసు హౌసింగ్ కింద పెట్టండి. అప్పుడు కూడా బరువు కమాన్ల మీదే ఉంటుంది. రబ్బరులో చీలిక కనిపిస్తే బుష్ మార్చడం తప్ప దారి లేదు.

ఇంపాక్ట్ గన్‌ను (దెబ్బలతో నట్లు తిప్పే యంత్రం) నేను విప్పడానికే వాడతాను. దాని డబ్బా మీద ఉన్న అంకె గన్ గరిష్ఠ శక్తిని చెబుతుంది గాని, మీ నట్టుకు ఎంత అందిందో చెప్పదు.

ఇక యూ బోల్టులు. పాతవి సాగి ఉంటాయి కాబట్టి కొత్తవే వేయండి. కమాన్ ఆకులను మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో పూర్తిగా కూర్చుందో లేదో చూసిన తరువాతే నట్లు ఎక్కించాలి. ఇరుసును గట్టిగా పట్టి ఉంచేది యూ బోల్టుల బిగింపే. సెంటర్ బోల్టు పని దాన్ని సరైన చోట నిలపడం మాత్రమే. ఒక్కో పక్క ఉన్న 4 నట్లను ఎదురెదురు మూలల వరుసలో, మూడు విడతలుగా, బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించండి. తొలి 100 కిలోమీటర్ల లోపు మళ్లీ రెంచి పెట్టి చూడండి.

అభ్యాసం: బండిని మళ్లీ ఎత్తి, ముందు కంటి బోల్టులను వదులు చేసి, ఇరుసును వేలాడనిచ్చి, కమాన్ కన్ను మీదుగా బ్రాకెట్ వరకు సుద్దతో ఒకే గీత గీయండి. బండిని దించి, ఆ గీత ఎంత విడిపోయిందో రెండు పక్కలా కొలిచి రాసుకోండి. బరువు మీద బిగించిన తరువాత, చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలవండి. ఎడమకూ కుడికీ తేడా కనిపిస్తే, షాక్ అబ్జార్బర్ల దగ్గరికి వెళ్లకుండా ఈ పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ చేయండి.