ఉజ్బెకిస్తాన్ యాత్ర: ముందు ఖీవా వెళ్ళండి

తాష్కెంట్‌లో దిగి, సమర్‌కండ్, బుఖారా చూసుకుంటూ చివరకు పడమటి కొసన ఉన్న పాత కోటనగరం ఖీవా చేరడం అందరూ వేసుకునే ప్లాను. చిక్కేమిటంటే ఖీవా చేరేసరికి సెలవులూ ఓపికా అయిపోతాయి, తిరుగు విమానం కోసం దాదాపు వెయ్యి కిలోమీటర్లు వెనక్కి రావాలి. అందుకే తిరగేయండి. తాష్కెంట్ నుంచి ఉర్గెంచ్‌కు దేశీయ విమానం సుమారు గంటన్నర. అక్కడి నుంచి ఖీవా 35 కిలోమీటర్లు, టాక్సీ దొరుకుతుంది. ఖీవా, బుఖారా, సమర్‌కండ్‌లలో రెండేసి రాత్రులు, తాష్కెంట్‌లో ఒకటి వేసుకుంటే ఎనిమిది రోజుల్లో హాయిగా పూర్తవుతుంది.

ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్ళండి. జూన్ చివర నుంచి ఆగస్టు మొదటివారం దాకా ‘చిల్లా’ అనే ఎండల కాలం, 40 డిగ్రీలు దాటుతుంది. మన ఎండలకు అలవాటుపడ్డాం కదా అనుకోవద్దు, ఖీవా కోటలో నీడ తక్కువ.

మనవాళ్ళకు ఈ-వీసా ఉంది: ఒక ప్రవేశానికి 20 డాలర్లు, మూడు పనిదినాలు. రెండు వారాల ముందే పెట్టుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు జాగ్రత్త. వీసాలో, విమానం టికెట్టులో, రైలు టికెట్టులో పేరు ఒకేలా ఉండాలి. స్టేషన్ గుమ్మం దగ్గరే పాస్‌పోర్టు, టికెట్టు పక్కపక్కన పెట్టి చూస్తారు. సామాను స్కానింగ్ కూడా అక్కడే, నలభై నిమిషాల ముందు చేరండి.

అసలు తలనొప్పి రైలు టికెట్లే. బుఖారా, సమర్‌కండ్, తాష్కెంట్‌ల మధ్య తిరిగే హైస్పీడ్ రైలు ‘అఫ్రోసియోబ్’ సీజన్‌లో త్వరగా నిండిపోతుంది. కాబట్టి బుకింగ్ తెరిచిన రోజే రైల్వే సైట్లో టికెట్టు తీసి, ఆ తరువాతే హోటళ్ళు ఖాయం చేయండి. కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేయకపోతే చెల్లింపు దగ్గరే ఆగిపోతుంది. సమర్‌కండ్ నుంచి తాష్కెంట్‌కు రెండు గంటల చిల్లర. అది దొరక్కపోతే మామూలు రైలు ఎక్కండి, ఇంకో గంటో గంటన్నరో, అంతే.

ఖీవా నుంచి బుఖారాకు మాత్రం నింపాదైన రైలు, కిజిల్‌కుమ్ ఎడారి మీదుగా ఆరేడు గంటలు. నాలుగు బెర్తుల ‘కూపే’ తీసుకోండి. పెట్టె చివర సమోవార్‌లో (నీళ్ళు కాచే బాయిలర్) వేడినీళ్ళు ఎప్పుడూ ఉంటాయి, ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు ఇక్కడే అక్కరకొస్తాయి. బుఖారా స్టేషన్ ఊళ్ళో లేదు, కాగాన్‌లో ఉంది. పాతనగరానికి పన్నెండు కిలోమీటర్ల పైమాటే, యాండెక్స్ యాప్‌లో కారు పిలిస్తే బేరం బాధ ఉండదు.

ఖీవాలో ఇచన్ కలా కోట లోపలే బస చేయండి. పడమటి ద్వారం దగ్గర అమ్మే ఉమ్మడి టికెట్టుతో మ్యూజియాలు చూడొచ్చు, మినార్ ఎక్కడానికి మాత్రం వేరే డబ్బు. ఎడారి కావాలంటే ఒకరోజు కారు మాట్లాడుకుని అయాజ్ కలా, తోప్రాక్ కలా కోటలకు వెళ్ళండి. అక్కడ గుడారాల్లో పడుకోవచ్చు. అక్టోబర్ రాత్రికి స్వెటర్ చాలదు, జాకెట్ ఉండాలి. ఎండిపోయిన అరల్ సముద్రంలో మిగిలిపోయిన తుప్పు ఓడలు మోయ్‌నాక్ ఊళ్ళో ఉన్నాయి, దానికి అదనంగా రెండు రోజులు లేకపోతే వదిలేయండి. సమర్‌కండ్‌లో మూడు మదరసాల చౌకు రెగిస్తాన్‌లో ఉలుగ్‌బేగ్ మదరసాకు పొద్దుటి వెలుగు, ఎదురుగా ఉన్న షేర్‌దోర్ మదరసాకు సాయంత్రపు వెలుగు పడుతుంది. అందుకే ఫొటోలకు రెండుసార్లు వెళ్ళాలి.

శాకాహారులు ‘గోష్ట్‌సిజ్’ అనే మాట నేర్చుకోండి, మాంసం లేకుండా అని. అయినా గుమ్మడికాయ సంసాలో (మన సమోసాలాంటిది) గొర్రె కొవ్వు వేస్తారు, అడిగి తినండి. రొట్టె, టమాటా ఉల్లి సలాడ్, పళ్ళు నిశ్చింతగా తినొచ్చు. మన వైద్యవిద్యార్థులు ఉన్నందువల్ల తాష్కెంట్, సమర్‌కండ్‌లలో ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి.

డాలర్లు మడతలు, మరకలు లేని నోట్లే తీసుకెళ్ళండి. ప్రతి హోటల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ చీటీ దేశం దాటేదాకా దాచండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, విమానాశ్రయంలో పట్టేస్తారు. ట్రమడాల్, కొడీన్ (మత్తు కలిగించే మందులు) ఉన్న నొప్పి, దగ్గు మందులకు అక్కడ గట్టి ఆంక్షలున్నాయి. దగ్గు సిరప్ సీసా మీద రాసింది చదివాకే పెట్టెలో పెట్టండి.