తిరుపతి ఎండలో అల్లం బీరు: ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎలా సరిచేయాలి

ఇంట్లో బీరు ఎలా చేయాలని నన్ను అడిగేవాళ్లకు ముందు ఒక మాట చెబుతాను. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (చేదు కోసం వేసే పూలు) తెప్పించి ఇంట్లో బీరు కాయడం కుదరదు. కానీ పంచదారను తిని పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్‌తో పనిచేయడం నేర్చుకోవాలన్న ఆశ ఉంటే అల్లం బీరు ఉంది. పేరులో బీరు ఉన్నా ఇది రెండు రోజుల్లో తాగేసే అల్లం సోడా. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో మొదలైంది. పంచదార, ఈస్ట్, వేడి, శుభ్రత, సీసా. బీరు కాసేవాళ్లు తలపట్టుకునేది వీటితోనే, మనకూ ఇవే.

ఇందులో ఆల్కహాల్ అసలు ఉండదా? కొంచెం ఉంటుంది. పులిసిన ప్రతిదానిలోనూ కాస్త ఉంటుంది. లీటరులో 8 గ్రాముల పంచదారను ఈస్ట్ తింటే దాదాపు 4 గ్రాముల గ్యాసు, 4 గ్రాముల ఆల్కహాల్ వస్తాయి. అంటే సుమారు అర శాతం. మన దేశపు ఆహార నిబంధనల్లో అర శాతం దాటితే అది మద్యం కిందికి వస్తుంది. కాబట్టి బుడగ బాగా పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, రెండు మూడు రోజుల్లో తాగేయాలి. పిల్లలకూ గర్భిణులకూ పోయకండి. అసలు ముట్టనివాళ్లకు ముందే చెప్పి అడగండి. కొండకు వెళ్లేటప్పుడు ఈ సీసా ఇంట్లోనే వదిలేయండి. తిరుమలలో మద్యానికి చోటు లేదు, అలిపిరి దగ్గర సంచులు చూస్తారు.

ఇక పద్ధతి. ముందు తోడు. పెరుగుకు తోడు ఎలాగో దీనికీ అలాగే. గాజు జాడీలో అర లీటరు నీళ్లు పోసి, రెండు చెంచాల అల్లం తురుము (తొక్కతో సహా), రెండు చెంచాల పంచదార వేసి, నోటికి పలచని బట్ట కట్టండి. రోజూ ఒక్కో చెంచా అల్లం, పంచదార వేసి కలపండి. కలిపినప్పుడు చుర్రుమని బుడగలు లేస్తే తోడు సిద్ధమైనట్టే. తర్వాత లీటరు నీళ్లలో 25 గ్రాముల అల్లం పది నిమిషాలు మరిగించి, 60 గ్రాముల పంచదార గానీ బెల్లం గానీ కరిగించి, పూర్తిగా చల్లారాక వడకట్టిన తోడు 100 మి.లీ., ఒక నిమ్మకాయ రసం కలిపి సీసాల్లో నింపడమే.

చదివితే చాలా తేలిక. చేస్తే తేడా వస్తుంది. ఎందుకంటే మనకు దొరికే లెక్కలన్నీ చలిదేశాలవి. తోడుకు ఐదు నుంచి ఏడు రోజులు, సీసాకు మూడు రోజులు అని రాస్తారు. అది 20 డిగ్రీల వంటింటి మాట. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటితే లోపల వంటిల్లు 34, 35లో ఉంటుంది. అక్కడ వారం పట్టేది ఇక్కడ రెండు రోజుల్లో అయిపోతుంది. పలమనేరు, కుప్పం వైపు కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి ఇంకో రోజు పడుతుంది. క్యాలెండర్ చూడకండి, జాడీని చూడండి. కింద చెప్పే సమస్యల్లో సగానికి పైగా ఈ ఒక్క దగ్గరే పుడతాయి.

మూడు రోజులైనా తోడులో బుడగ రాలేదు

ముందు అల్లం చూడండి. ఈస్ట్ అల్లం తొక్క మీదే ఉంటుంది. తొక్క గీకేసి వేస్తే ఈస్ట్‌నూ గీకేసినట్టే. బాగా కడిగి తెల్లగా మెరిసేలా చేసి అమ్మే అల్లం కన్నా రైతుబజారులో మట్టితో వచ్చే అల్లం మేలు. మట్టి పోయేలా మామూలు నీళ్లతో కడిగితే చాలు. శొంఠితో ఈ పని కాదు.

అల్లం బాగుంటే నీళ్లను అనుమానించాలి. కళ్యాణి డ్యాం నీళ్లయినా తెలుగుగంగ నీళ్లయినా కుళాయికి చేరేసరికి క్లోరిన్ కలిసే వస్తాయి. సూక్ష్మజీవులను చంపడానికే క్లోరిన్ కలుపుతారు, మన తోడులో ఉన్నవీ సూక్ష్మజీవులే. నీళ్లను పది నిమిషాలు మరిగించి చల్లార్చండి, లేదా వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా రాత్రంతా ఉంచండి. ఆర్వో నీళ్లలో క్లోరిన్ బెడద ఉండదు గానీ ఖనిజాలు తక్కువ కాబట్టి తోడు మందకొడిగా ఉంటుంది. పంచదార బదులు ఒక చెంచా బెల్లం పొడి వేసి చూడండి, తేడా కనిపిస్తుంది.

రెండూ బాగున్నాయంటే ఇంకో రోజు ఆగండి. డిసెంబరు, జనవరిలో నాకు ఐదు రోజులు పట్టిన సందర్భాలున్నాయి.

కుళ్లిన గుడ్డు వాసన

గంధకపు వాసన ఇది. ఈస్ట్‌కు పోషకాలు చాలకపోయినా, వేడికి అలసిపోయినా ఇలా వస్తుంది. కొత్త అల్లం ఒక చెంచా వేసి, రోజుకు రెండుసార్లు బాగా కలిపి, చల్లని మూలకు మార్చండి. ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లం కాబట్టి బెల్లం గురించి కూడా చెప్పాలి. బెల్లం లేత పసుపు రంగులో నిగనిగలాడుతుంటే దాన్ని తెల్లబరచడానికి హైడ్రోస్ కలిపారేమోనని అనుమానించాలి. ఆ గంధకపు మందు కాస్త మిగిలినా ఈస్ట్‌కు పడదు. ముదురు గోధుమ రంగు బెల్లం కొనండి. చూపుకు అంత బాగుండదు, కానీ అల్లంతో కలిస్తే దాని రుచే వేరు. కరిగించాక వడకట్టడం మరిచిపోకండి. చెరుకు పీచు, ఇసుక అడుగున మిగులుతాయి.

పైన తెల్లటి పొర

ఇక్కడ తొందరపడి పారబోసేవాళ్లున్నారు, తొందరపడి తాగేసేవాళ్లూ ఉన్నారు. వెలుతురులో పెట్టి చూడండి. పొర చదునుగా, ముడతలు పడ్డ పాల మీగడలా ఉంటే అది గాలి తగిలే చోట పెరిగే మరో రకం ఈస్ట్. హాని లేదు, రుచి మాత్రం పాడుచేస్తుంది. చెంచాతో తీసేసి, రోజూ తప్పకుండా కలపండి. పొర నూగులా, దూదిలా లేచి ఉన్నా, ఆకుపచ్చ, నలుపు, గులాబి రంగు చుక్కలున్నా అది బూజు. పైన తీసేసి కింద వాడుకుందామన్న ఆలోచన వద్దు. మొత్తం పారబోసి, జాడీని మరిగే నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టండి. పోయేది పది రూపాయల అల్లమే.

తోడు జిగటగా సాగుతోంది

చెంచాతో ఎత్తితే తీగలా సాగుతుంది. చూడగానే రోత పుడుతుంది, నిజమే. కానీ దీనికి కారణమైన బ్యాక్టీరియా మనకు కొత్తదేం కాదు. ల్యూకోనోస్టాక్ అంటారు. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగేది ఎక్కువగా దీనివల్లే. చెరుకు రసం నిలవ ఉంటే జిగటగా మారేదీ దీనివల్లే. పంచదార దొరికితే దాన్ని జిగురుగా మార్చేస్తుంది. వేడిలో, ఈస్ట్ ఇంకా బలపడని మొదటి రెండు మూడు రోజుల్లో విజృంభిస్తుంది.

చాలాసార్లు ఈస్ట్ పుంజుకుని పులుపు పెరిగాక జిగట దానంతటదే తగ్గుతుంది. రెండు రోజులు పంచదార ఆపి, అల్లం మాత్రం వేస్తూ కలపండి. నాలుగు చుక్కల నిమ్మరసం కూడా వేయొచ్చు. మూడో రోజుకీ సాగుతుంటే వదిలేయండి. ఆ తోడుతో చేసిన పానీయమూ సాగుతుంది, దాన్ని ఎవరూ ఇష్టంగా తాగరు.

పుల్లగా అయిపోయింది

రెండు రకాల పులుపులున్నాయి, నాలుకకు తేడా తెలుస్తుంది. మజ్జిగ పులుపు అయితే అది లాక్టిక్ ఆమ్లం, వేడి ఎక్కువై బ్యాక్టీరియా ఈస్ట్‌ను మించిపోయిందన్నమాట. ముక్కుకు ఘాటుగా తగిలే పులుపు అయితే అది వెనిగర్. ఆ బ్యాక్టీరియాకు గాలి కావాలి, దాన్ని మోసుకొచ్చేది మామిడిపండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగలు. మే, జూన్ నెలల్లో బేనీషా, తోతాపురి పండ్ల బుట్ట ఉన్న గదిలో తోడు జాడీ పెట్టకండి. బట్ట రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండుతో బిగించండి.

మజ్జిగ పులుపుకు మందు చల్లదనమే. నేను చేసేది ఇది: వెడల్పాటి మట్టి తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, మధ్యలో జాడీ పెట్టి, చుట్టూ తడి నూలు గుడ్డ చుట్టి, గుడ్డ అంచు నీళ్లలో మునిగేలా వదులుతాను. తొట్టిని గాలి ఆడే నీడలో పెడతాను. గుడ్డ ఆరుతున్న కొద్దీ జాడీ చల్లబడుతుంది. ఎండ పొడిగా ఉన్న రోజుల్లో నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. అంత తగ్గినా పులుపులో తేడా తెలుస్తుంది.

సీసా తెరిస్తే బుస్సుమనలేదు

ఎక్కువ మంది చేసే తప్పు, అల్లం కషాయం వేడిగా ఉండగానే తోడు పోయడం. చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా ఆగండి. పెరుగు తోడుకు గోరువెచ్చదనం కావాలి, దీనికి అదీ వద్దు. గిన్నె వెలుపల తాకితే చల్లగా ఉండాలి. రెండో కారణం, తోడులో బలం తగ్గాక వాడటం. తోడుకు తిండి (అల్లం, పంచదార) పెట్టిన నాలుగైదు గంటల్లో నురగ ఎత్తుగా ఉన్నప్పుడే తీసి వాడాలి. మూడోది మూత. పాత కూల్‌డ్రింక్ మూతలు వదులైపోతాయి. సీసాను తలకిందులుగా నీళ్లలో ముంచి నొక్కితే బుడగ బయటికొస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఫ్రిజ్‌లో పెట్టకుండా తెరిచినా ఇలాగే అనిపిస్తుంది. 30 డిగ్రీల నీళ్లలో ఇమిడే గ్యాసు కంటే సున్నా దగ్గర రెండున్నర రెట్లు ఎక్కువ ఇముడుతుంది. వెచ్చని సీసా తెరవగానే గ్యాసంతా గాల్లోకి పోయి, గ్లాసులో తీపి నీళ్లు మిగులుతాయి.

సీసా పొంగింది, పగిలింది

ఇది మాత్రం ఆగి చదవండి.

మూడేళ్ల కిందట మే నెలలో, ఖాళీ అయిన తేనె సీసాలు రెండింట్లో నింపి వంటింటి అటక మీద పెట్టాను. మూడు రోజులు ఉంచాలని చదివిన లెక్కే పాటించాను. రెండో రోజు మధ్యాహ్నం ఒకటి పేలింది. గాజు ముక్కలు ఎదురుగోడ దాకా వెళ్లాయి. మా అమ్మ అప్పుడే అన్నం వార్చి హాల్లోకి వచ్చింది. ఒక్క నిమిషం అటూ ఇటూ అయి ఉంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ వస్తుంది. ఆ రోజు నుంచి నా ఇంట్లో దీన్ని నింపడానికి గాజు సీసా వాడలేదు.

లెక్క చూస్తే భయం ఎందుకో అర్థమవుతుంది. లీటరులో వేసిన 60 గ్రాముల పంచదారనూ ఈస్ట్ పూర్తిగా తింటే దాదాపు 30 గ్రాముల గ్యాసు పుడుతుంది. బజారులో కొనే కూల్‌డ్రింక్‌లో ఉండేది లీటరుకు సుమారు ఏడు గ్రాములు. అంటే నాలుగు రెట్లు. ఈస్ట్‌కు ఎక్కడ ఆగాలో తెలియదు, పంచదార ఉన్నంతసేపు తింటూనే పోతుంది. ఆపాల్సింది మనం, ఆపే సాధనం ఫ్రిజ్. అది కూడా పూర్తిగా ఆపదు, బాగా నెమ్మది చేస్తుంది.

అందుకే గ్యాసు పట్టిన కూల్‌డ్రింక్ వచ్చే ప్లాస్టిక్ సీసాలే వాడండి. మంచినీళ్ల సీసాలు పలచన, పనికిరావు. పైన రెండు అంగుళాలు ఖాళీ ఉంచండి. నింపగానే సీసాను వేళ్లతో నొక్కి ఎంత మెత్తగా ఉందో గుర్తుపెట్టుకోండి. ఎండాకాలంలో ఆరు గంటల తర్వాత ఒకసారి, ఆ పైన రెండేసి గంటలకోసారి నొక్కి చూడండి. కొత్త కూల్‌డ్రింక్ సీసా అంత గట్టిగా తగిలిన వెంటనే ఫ్రిజ్‌లోకి. మేలో నాకు ఇది 12 నుంచి 18 గంటల్లో అవుతుంది, జనవరిలో రెండు రోజులు పడుతుంది. రాత్రి నింపి పొద్దున్నే ఊరికి బయల్దేరే ఆలోచన ఉంటే ఆ రాత్రి నింపకండి.

ఇప్పటికే పొరపాటున గాజు సీసాలో నింపి మరిచిపోయారా? చేత్తో ఊపకండి, అక్కడే మూత తిప్పకండి. మందపాటి గోనెసంచి గానీ దుప్పటి గానీ మీద కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, సంచితో సహా ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రోజు చల్లబడ్డాక, సంచి తీయకుండానే సింకులో పెట్టి మూతను కొద్దికొద్దిగా వదులు చేయండి. ఇంట్లో పిల్లలుంటే ఆ సమయంలో వేరే గదిలో ఉంచండి. ప్లాస్టిక్ సీసా అడుగు ఉబ్బి నిలబడకపోయినా ఇదే పద్ధతి.

అడుగున మడ్డి, నాలుక మీద చేదు

మడ్డి ఈస్ట్‌దే, తేట వంచుకుని తాగండి. చేదు నిమ్మ తొక్కలోని తెల్లభాగం వల్ల వస్తుంది. రసం మాత్రమే పిండండి, తొక్కను మరిగించకండి. అల్లాన్ని అరగంట మరిగించినా ఘాటు ముదిరి చేదు తగులుతుంది.

ఊరికి వెళ్లొచ్చేసరికి తోడు చచ్చిపోయినట్టుంది

వెళ్లేముందు ఒక చెంచా పంచదార, ఒక చెంచా అల్లం వేసి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం నిలుస్తుంది. నెల దాటినా ఆశ వదలకండి. బూజు లేకపోతే, సగం పారబోసి, చల్లార్చిన నీళ్లతో నింపి, తిండి పెట్టి బయట పెట్టండి. మొదటి రోజు ఏమీ కనిపించదు. రెండో రోజు అల్లం తురుము అడుగు నుంచి లేచి పైకి తేలితే, మళ్లీ తిండి పెట్టి సాయంత్రానికి వాడుకోవచ్చు.