సంక్రాంతికి పెరటి కూరలు: డెల్టా మట్టిలో శీతాకాలపు మడి ఎలా వేయాలి?

చలిదేశాల్లో ఈ కాలపు తోట వేసేవారికి మంచు భయం. మనకు నీటి భయం. గోదావరి డెల్టాలో అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాల కాలం. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ పెద్దలకు ఇప్పటికీ గుర్తే. పెరట్లో మొక్కలను చంపడానికి అంతటి తుపాను కూడా అక్కర్లేదు, రెండు రోజులు నీళ్ళు నిలిస్తే చాలు. మొదటి ఏడాది నేను చదునుగా ఉన్న నేలలోనే టమాటా నాటాను. ఒక్క ముసురుకు మొక్కలన్నీ నీళ్ళలో నిలబడే వాడిపోయాయి. వేర్లకు గాలి అందకపోతే ఎన్ని నీళ్ళున్నా మొక్క తాగలేదని అప్పుడు తెలిసింది.

సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

టమాటా నారు ఎదగడానికి 25 నుంచి 30 రోజులు, నాటాక తొలి కోతకు మరో 60, 70 రోజులు పడుతుంది. అంటే పండుగకు కాయలు చేతికి రావాలంటే సెప్టెంబరు చివరి వారంలో, హస్త కార్తె మొదలయ్యే వేళకు విత్తనం పడాలి. వంగకూ ఇంచుమించు ఇదే లెక్క. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు అక్టోబరు రెండో పక్షంలో నాటుకోవచ్చు. ముల్లంగికి 45 రోజులు, కొత్తిమీరకు 40, మెంతికూరకు నెల సరిపోతుంది కాబట్టి ఇవి నవంబరు చివరి వరకూ ఆగగలవు.

పందిరి చిక్కుడు సంగతి వేరు. అది పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది, అయితే అప్పటికి పందిరంతా అల్లుకుని ఉండాలి. జూన్, జూలైలలో పాదు పెట్టనివారు ఈ ఏటికి పొద చిక్కుడుతో సరిపెట్టుకోండి.

మడి ఎత్తు లేపండి

అసలు పని ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. మూడడుగుల వెడల్పున, కనీసం ముప్పావు అడుగు ఎత్తున మడి కట్టండి. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి, లోపల కాలు పెట్టే అవసరం రాకూడదు. మడుల మధ్య అడుగున్నర బాట తవ్వి, అది పల్లం వైపు వాలి, చివర కాలువలోనో గుంటలోనో కలిసేలా చూడండి. దారి లేని బాట చెరువవుతుంది.

బంకమట్టిని తడిగా ఉన్నప్పుడు తవ్వితే, ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. పిడికెడు మట్టి ఉండ చేసి వేలితో నొక్కండి. పొడిగా రాలితే తవ్వవచ్చు, ముద్దలా అణిగితే ఇంకా ఆగాలి. పదడుగుల మడికి బాగా మాగిన పశువుల ఎరువు 7, 8 కిలోలు కలపండి. కోనసీమలో కొబ్బరి పొట్టుకు కొదవలేదు, బంకమట్టిని గుల్లబరచడానికి అది బాగా పనికొస్తుంది. కాకపోతే రెండు మూడుసార్లు నీళ్ళతో కడిగి, అందులోని ఉప్పు పోగొట్టాకే వాడాలి.

నారు

ముసురులో నారుమడిని మింగేది నారుకుళ్ళు. విత్తనాలు ఒత్తుగా చల్లకండి. పైన కొబ్బరి మట్టల నీడ వేసి, వాన వెలిశాక తీసేయండి. మొదళ్ళు మెత్తబడి నారు పడిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ళ మందు) కలిపి మొదళ్ళు తడపండి. ఇంత ఓపిక లేకపోతే నారు కొనుక్కోవడమే నయం. కాలీఫ్లవర్ కొనేటప్పుడు మాత్రం మీరు నాటే నెలకు సరిపడే రకమేనా అని అడగండి. కాలానికి సరిపడని రకమైతే పువ్వు బొత్తాం అంత వచ్చి ఆగిపోతుంది.

నాటడం

సాయంత్రం నాటండి. టమాటా, వంగలకు రెండడుగుల ఎడం, క్యాబేజీకి అడుగున్నర. టమాటాకు నాటిన రోజే ఊతకర్ర పాతండి. తర్వాత పాతితే వేర్లు తెగుతాయి, గాలివాన మీ తీరిక కోసం ఆగదు. మడి అంచున బంతి నాటితే కాయతొలుచు పురుగు కొంత అటు మళ్ళుతుంది, పండుగ నాటికి గొబ్బెమ్మలకు పూలూ దొరుకుతాయి.

ధనియాలను బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లండి. చాలామంది గింజను అలాగే వేసి, మొలవలేదని విత్తనాన్ని తిడతారు. క్యారెట్ బంకమట్టిలో రెండు మూడు కాళ్ళుగా చీలుతుంది. దాన్ని ఇసుక కలిసిన లంక నేలలకు వదిలేయండి, లేదా లోతైన కుండీలో వేయండి. సముద్రానికి దగ్గరగా ఉండి నీళ్ళు ఉప్పగా ఉంటే బీన్స్ జోలికి పోకండి. పాలకూర, బీట్‌రూట్ ఆ ఉప్పును చాలావరకు ఓర్చుకుంటాయి.

వాన వెలిశాక

ముందు పార తీసుకుని బాటల్లో నీళ్ళు బయటికి పంపండి, మొక్కల సంగతి ఆ తర్వాత. నేలకు ఆనుతున్న ఆకులు తుంచేయండి, కదిలిన మొదళ్ళకు మట్టి ఎగదోయండి. చీకటి పడ్డాక టార్చిలైటుతో వెళ్ళి నత్తలను ఏరేయండి. వాటి మీద ఉప్పు చల్లితే మడి మట్టి పాడవుతుంది. ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగులు కనిపిస్తే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీరు కలిపి ఆకుల అడుగున తగిలేలా పిచికారీ చేయండి. డిసెంబరులో వానలు ఆగాక మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి పరిస్తే తడి నిలుస్తుంది. అంతకు ముందే పరిస్తే నత్తలకు ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

కాలీఫ్లవర్ పువ్వు కోడిగుడ్డంత అయ్యాక పై ఆకులు దగ్గరికి లాగి పురికొసతో వదులుగా కట్టండి, తెల్లగా ఉంటుంది. ముల్లంగిని మాత్రం పండుగ కోసం దాచకండి. 45 రోజులు దాటితే బెండుబారుతుంది.